తుప్పు దులిపే రసం

2009 వేసవి, ఉద్దానం. తవిటయ్య కిడ్నీ జబ్బుతో పోయిన ఏడాదికి అతని అన్న వైకుంఠరావు తన మరదలు, అంటే తవిటయ్య భార్య నీలమ్మ ఇంటికి వచ్చాడు.

“కూకో బావా. నిలబడిపోనావేటి?”

“నాను రాననుకున్నావు కదూ, నీలమ్మా.”

“వత్తావని తెలుసు. నీ కిడ్నీ పరీచ్చలో క్రియాటినిన్ ఎంతొచ్చినాది?”

“నీకెవులు సెప్పినారు? ...ఆరు.”

“మీ తమ్ముడికీ అంతే. అప్పుడు.”

“ఆ మాట ఒగ్గీయి. తోటలో జీడిపళ్ళు రాలతన్నాయి కదా. మా ఇంటిది రసం తీత్తే గొంతు పట్టీసినాది. నీలాగ ఎవులికీ రాదు.”

“గంజి కలపాల. వగరంతా అడుగుకి దిగిపోద్ది. మూడు పూటలా అలాగే తీసి ఆయనకి పట్టినాను. నా సేత్తోనే బావా. నువ్వు సెప్పినావని.”

“సెప్పినాను.”

“ఏటి సెప్పినావు? మళ్ళీ సెప్పు.”

“ఇప్పుడెందుకులే...”

“సెప్పు. నీ నోట్నే వినాల.”

“పేపర్లో రాసినారు. మొక్కల రసంలో కంటికి ఆనని తిత్తులుంటాయట. ఒంట్లోకెల్లి తుప్పు దులిపేత్తాయట. ఆటి నిండా యాంటీఆక్సిడెంట్లేనట.”

“కిడ్నీ బాగయిపోద్దని కూడా రాసినారేటి?”

“...అది నాననుకున్నాను.”

“అనుకుని, డాక్టరు రాసిచ్చిన కాయితం సీటీ సింపీసినావు.”

“కోపంలో సింపీసినాను. డాక్టర్లందరూ దొంగలనుకున్నాను. సదవనైనా సదవనేదు.”

“సదవనేదా?”

“నేదు, ఒట్టు. అందులో ఏటుందో నీకు తెలుసేటి?”

“నాకు సదువెక్కడిది బావా?”

“తాగొచ్చా, తాగకూడదా అని... భయమేత్తన్నాది నీలమ్మా.”

“మీ తమ్ముడి మీద నేని భయం ఇప్పుడెందుకు? ఇంద. పొద్దున్నే తీసినాను.”

“నా కోసమా?”

“నీ కోసమే. ఏడాదిగా ఎదురు సూత్తన్నాను.”

“నువ్వు... నువ్వు మంచిదానివి, నీలమ్మా. గొంతు పట్టనేదు. రేపూ రానా?”

“రేపటిదాకా ఎందుకు? మూడు పూటలా రా. తీసి ఉంచుతాను.”

“ఎల్లొత్తానమ్మా.”

“ఎల్లిరా బావా.”

“అమ్మా! పెదనాన్నకి రసం ఇచ్చినావేటి?”

“ఇచ్చినాను తనూజా. అయితే?”

“సీటీ ముక్కలేరి నువ్వే అంటించినావు కదమ్మా! నాన్న పోయాక హాస్టలు నుంచొచ్చి నానే కదా సదివినాను! ఈ జబ్బులో పళ్ళరసం తాగితే గుండె ఆగిపోద్దని రాసుంది కదా!”

“సదివినావు. గ్లాసు కడిగి బోర్లించు. మద్దేనానికి మళ్ళీ వత్తాడు.”