డైరెక్టు చెయ్

లక్సెట్టిపేటలో ఆటో ఎలక్ట్రికల్ షాపు ముందు పాత స్కూలు వ్యాను ఆగి ఉంది. లోపల్నించి కాలిన వాసన వస్తోంది. మెకానిక్ ఫ్యూజు డబ్బా మూత తీసి, డ్రైవరు మీదికి లేచాడు.

“ఫ్యూజు జాగల గీ రాగితీగ ఎవడు పెట్టిండు?”

“నేనే చాచా.”

“సిగ్గులేదా? ఫ్యూజుంటే అది కాలిపోయి వైర్లను కాపాడేది. తీగ పెట్టినవ్, వైర్లే కాలినయ్. ఎనక పదకొండు మంది పిల్లలుండిరి!”

“పొగ రాంగనే అందర్ని దించిన. ఎవ్వలకేం కాలే.”

“కాలేదని సంబురమా? ఎవడు నేర్పిండు నీకు?”

“నువ్వే.”

“నేనా? జర నోరు సంభాళించుకో!”

“పొద్దుగాల ఇంజను ఫ్యాను తిరుగుతలేదని ఫోన్ చేసిన. ‘డబ్బాల డైరెక్టు చేసి బండి తీస్కరా’ అన్నవ్.”

“ఫ్యానుకు కరెంటిచ్చే స్విచ్చు, రిలే, ఖరాబైతే దాన్ని తీగతోని కలుపుమన్న! ఫ్యూజును గాదు!”

“రిలే అన్న మాటనే రాలే నీ నోట్లకెల్లి. డైరెక్టు, డైరెక్టు అని ఒర్రి ఫోన్ పెట్టేసినవ్. రెండూ ఒక్క డబ్బాలనే ఉంటయి గద!”

మెకానిక్ డబ్బా మూత పెట్టి చెయ్యి చాచాడు.

“తాళం ఇటియ్యి. బండి ఇయ్యాల కదలది.”

“మరి మాపటికి పిల్లల్ని ఇండ్లకు ఎవలు దింపాలె?”

“ఆటోల నేనే దింపుత. వాళ్ల అవ్వ బాపులకు నేనే చెప్త.”

“ఏమని?”

“తీగ నువ్వు పెట్టినవని. పెట్టుమన్నోన్ని నేనని.”