గవర్నరు శవయాత్ర అనే పాట

వ్యాపారవేత్తట! విన్నావా గవర్నరూ? నన్ను వ్యాపారవేత్తల్లో కలిపేశారు జమైకా రేడియో వాళ్ళు.

నువ్వు మాత్రం సంగీతానికి ఆద్యుడివి. వాళ్ళ కాగితంలో అలాగే రాసుకున్నారట, ఆ రేడియో పిల్లే చదివి వినిపించింది. సంగీతం, గవర్నర్ వివియన్ డేక్రస్. వ్యాపారం, బిషప్ ఎగ్బర్ట్ టల్లక్. డాన్సుల కోసం మనం తగిలించుకున్న బిరుదులు కూడా వదల్లేదు. నా ముందు వారం ఎవరొచ్చారో తెలుసా ఆ కార్యక్రమంలో? కింగ్‌స్టన్ క్రాస్ రోడ్స్‌లో మాంసం ప్యాటీల కొట్టు పెట్టిన ఆవిడ. గంటసేపు తన పొయ్యి గురించి చెప్పింది. ఆ పొయ్యి చల్లారకముందే నన్ను కూర్చోబెట్టారు.

నేనెందుకమ్మా వ్యాపారవేత్తనయ్యాను అని అడిగాను. డాన్సుల దగ్గర బీరు అమ్మింది మీరే కదా మిస్టర్ టల్లక్ అంది. అమ్మాను, కాదన్నానా? నువ్వు అమ్మలేదా? మీ ఆవిడ, పాపం మహాతల్లి, మేకమాంసం కూర గిన్నెని గంటెతో వాయిస్తుంటే నీ పాటల కన్నా అదే గట్టిగా వినిపించేది. అసలు మనం వీధుల్లో స్పీకరు పెట్టెలు పెట్టి రికార్డులు వేసిందెందుకు? జనం గెంతి గెంతి, చెమటలు కక్కుకుంటూ మన బల్ల దగ్గరికి రావడానికేగా? ఇద్దరం చేసింది ఒకటే పని. కానీ నీది సంగీతం, నాది వ్యాపారం.

నవ్వకు. నోరు సగమే కదులుతోంది కదా, నవ్వినా కనిపించదనుకుంటున్నావేమో. కళ్ళు చూస్తే తెలిసిపోతోంది.

ఉండు, కుర్చీ ఇటు జరుపుకుంటాను. డెలోరిస్ గంజి పట్టిందా? గడ్డం మీద ఇంకా ఉంది. నీ కూతురు బంగారం లాంటి పిల్లే గానీ మూతి తుడవడంలో మాత్రం తొందరెక్కువ. ఆఁ, ఇప్పుడు సరిపోయింది.

ఎడమచెయ్యి ఇటివ్వు. డాక్టరు చెప్పింది గుర్తుందిగా, ఒకసారి నొక్కితే అవును, రెండుసార్లు నొక్కితే కాదు. ఇవాళ నేను పరామర్శకి రాలేదు. నీతో పనుంది. ఒక్క పేరు కావాలి నాకు. ఏ పేరో నీకు తెలుసు.

తొందరపడకు. వరసలో చెప్పనీ.

నిన్న వచ్చింది ఆ పిల్ల, షెరీన్. మైకు గింజంత ఉంది, చొక్కాకి తగిలించింది. మన కాలంలో మైకంటే మోసుకెళ్ళడానికి ఒక మనిషి ఉండేవాడు. మిస్టర్ డేక్రస్ మాట్లాడలేరు కదా, ఆయన సంగతులు కూడా మీరే చెప్పండి అంది. ఎలా ఉంటుంది చెప్పు నాకు? అరవై ఏళ్ళుగా నేను ఒక మాట మొదలెడితే నువ్వు సగంలో అందుకునేవాడివి. ఇప్పుడు మైకు నా చొక్కాకుంది, నువ్వు మంచం మీద ఉన్నావు. నీ కథ, నా కథ, రెండూ నా ఇష్టం. రాత్రి చొక్కా ఇస్త్రీ కూడా చేసుకున్నాను. రేడియోలో చొక్కా ఎవడికి కనబడుతుందని మా కోడలు అడిగితే, నీకెందుకే అన్నాను.

అడగాల్సిందే అడిగింది. ఈ ఊళ్ళో ఎవడైనా మనిద్దరినీ అడిగేది అదొక్కటేగా. ఓల్డ్ హార్బర్ బే, ఈస్టర్ సోమవారం, సముద్రం ఒడ్డున జనం ఎవరి పాటలకి వస్తారని బిషప్‌కీ గవర్నర్‌కీ పోటీ. గెలిచిందెవరు?

చెప్పాను. మొత్తం మొదటినించీ చెప్పాను. నువ్వూ విను, ఈసారి అడ్డం రాలేవు కాబట్టి సాంతం విను.

ఆ రోజు నేను వేసిన రికార్డు కొన్నది ఫ్లోరిడాలో చెరుకు నరికి తిరిగొచ్చిన ఒకడి దగ్గర. అప్పట్లో మనందరం రికార్డు మధ్యనున్న కాగితం గీకేసేవాళ్ళమని ఆ పిల్లకి చెప్పాను. కళ్ళింత చేసింది. ఎందుకు గీకేవారు అంది. పాట పేరు పక్కవాడికి తెలిస్తే వాడూ అమెరికా నించి తెప్పించుకుంటాడు తల్లీ, ఇంక నా డాన్సుకి ఎవడొస్తాడు అన్నాను. అంతవరకే చెప్పాను. మిగతాది నీకు చెబుతున్నాను. ఆ కాగితం గీకింది నేను కాదు. నాకు అమ్మేటప్పటికే వాడు నున్నగా గీకేశాడు, ఇలాంటివి మళ్ళీ కావాలంటే తన దగ్గరికే రావాలని. నేను ఇంటికెళ్ళి ఓ పెన్నీ బిళ్ళతో దాని మీద ఇంకో నాలుగు గీతలు గీశాను, నా చేతి పనే అనిపించేలా.

అంటే ఆ పాట పేరేంటో, పాడిందెవరో నాకు ఏ రోజూ తెలీదు. ఇలా చూడు. ఏ రోజూ తెలీదు.

పేరు లేకుండా ఎలా? నేనే పెట్టాను. గవర్నరు శవయాత్ర. నీ మీద కసితోనే పెట్టాను, దాంట్లో దాపరికమేముంది? మొదట శాక్సఫోన్ ఏడుపు మొదలెడుతుంది, ఎవరో పోయినట్టే. అంతలో పియానో అందుకుంటుంది, ఇంక ఎవడి కాళ్ళూ ఆగవు. జనం రేకుల కంచెలు బాదేవాళ్ళు. బిషప్, గవర్నర్ని ఇంకోసారి మొయ్యి అని కేకలు. ఒక రాత్రి నిన్ను ఏడుసార్లు మోశాను తెలుసా?

ఓల్డ్ హార్బర్ బేలో ఏమైంది? ఒడ్డుకి ఆ చివర నువ్వు, ఈ చివర నేను. కింగ్‌స్టన్ నించి రైలు నిండా దిగిన జనం మధ్యలో. చేపలు వేయించేవాళ్ళు కూడా పెనాలు దించి చూస్తున్నారు. నువ్వు నీ బలమంతా చూపించావు, నీ పెట్టెల మోతకి నా బల్ల మీద సీసాలు కదిలాయి, ఒప్పుకుంటాను. అప్పుడు నేను శవయాత్ర వేశాను. జనం అటునించి ఇటు నడిచారా లేదా? నడిచారు. మళ్ళీ వేశాను. నీ దగ్గర నీ మనుషులు తప్ప ఎవడూ మిగల్లేదు. మీ ఆవిడ కూడా గంటె పట్టుకుని ఇటే చూస్తోంది.

అప్పుడు నువ్వు మైకు తీసుకున్నావు. ఏమన్నావో నీకు గుర్తుండే ఉంటుంది, నాకైతే నిన్నటిలా ఉంది. బిషప్, ఆ పాట పేరు నాకు తెలుసు, నీకు తెలుసా, చెప్పమంటావా అన్నావు. అంత తాపీగా అన్నావు. అందరూ నా వైపు తిరిగారు.

నేనేం చెయ్యను? నువ్వు పేరు బయటపెడితే వారం తిరక్కుండా ప్రతి వెధవా అదే రికార్డు తెప్పించుకుంటాడు. నువ్వెలా కనుక్కున్నావో నాకు అంతుపట్టలేదు. ఆ చెరుకువాడే నీకూ అమ్మాడేమో అనుకున్నాను. వైర్లు పీకేశాను. నేనే, నా చేత్తోనే. పెట్టెలు లారీ ఎక్కించాను. జనం బాగా గోల చేశారు. ఇంక ఆ తర్వాత నువ్వున్న చోట ఆ పాట వెయ్యలేదు.

జనం నా వైపు వచ్చారు కాబట్టి నేను గెలిచానని నేను. వైర్లు పీకినవాడు ఓడిపోయినవాడేనని నువ్వు. ప్రతి శనివారం డామినోలు బల్ల మీద బాదుకుంటూ ఇదే గొడవ. మనవళ్ళు పుట్టారు, పళ్ళు ఊడాయి, గొడవ అలాగే ఉంది. ఎన్నిసార్లు అడగబోయానో తెలుసా నిన్ను, ఇంతకీ ఆ పాట పేరేంట్రా అని? నోటిదాకా వచ్చేది. అడిగితే నాకు తెలీదని ఒప్పుకున్నట్టేగా. మింగేసేవాణ్ణి. నువ్వేమో నా ముందు ఆ పాట ఈల వేసేవాడివి, కావాలనే.

రికార్డేమో గిల్బర్ట్ తుఫానులో పోయింది, ఇంటి పైకప్పుతో సహా. రేకులు వీధి చివర దొరికాయి. రికార్డు దొరకలేదు.

ఇప్పుడు నిన్నటి సంగతి. ఆ పిల్ల అంతా విని, పాట పేరు చెప్పండి మిస్టర్ టల్లక్, ఎక్కడున్నా వెతికి తెచ్చి కార్యక్రమంలో వేస్తాం అంది. చూశావా? మళ్ళీ వినొచ్చు. చచ్చేలోగా ఇంకొక్కసారి వినొచ్చు.

గవర్నరు శవయాత్ర అనబోయాను. అనలేకపోయాను.

నువ్విలా పడి ఉంటే, నా గొంతుతో ఆ మాట రేడియోలో రావడమా? డెలోరిస్ వింటుంది. నువ్వు వింటావు. నవ్వుతూ పెట్టిన పేరే, కానీ నీకు పక్షవాతం వచ్చిందని కబురు తెలిసిన రోజు నాకు మొదట గుర్తొచ్చింది ఆ పేరే. భయపడ్డాను. ఏడుసార్లు మోశానే ఈ మనిషిని అనుకున్నాను. అందుకే అసలు పేరు కావాలి నాకు. ఆ పాటకి వేరే పేరు ఉందని, అది నీ శవయాత్ర కాదని ఎవరైనా చెప్పాలి.

అందుకని ఏం చేశానో తెలుసా? కోపం తెచ్చుకోకు. కోపమెందుకు, నీకు పండగే. అసలు పేరు గవర్నర్‌కి తెలుసమ్మా, నాకు తెలీదు, ఆయన్నడిగి చెబుతానన్నాను. మరి ఆ రోజు గెలిచిందెవరు అంది. గవర్నరే అన్నాను. నా పాట పేరు నాకే తెలీదు, ఆయనకి తెలుసు, భయపడి వైర్లు పీకాను, ఆయనే గెలిచాడు అన్నాను. సరిగ్గా అప్పుడే పక్కింటి కుక్క మొరిగిందట. మళ్ళీ చెప్పండి అంది. మళ్ళీ చెప్పాను. ఒకే మధ్యాహ్నం రెండుసార్లు ఓడిపోయాను నేను.

ఆదివారం వస్తుంది అది. జమైకా అంతా వింటుంది.

ఇదీ నేనిచ్చింది. అరవై ఏళ్ళు ఇవ్వనిది ఇచ్చాను. ఇప్పుడు నువ్వు పేరివ్వు. నేను అమెరికా ఊళ్ళ పేర్లు చెబుతూ పోతాను, అక్కణ్ణించి మొదలెడదాం. పాడినవాడిది మెంఫిసా?

కాదు. సరే. న్యూ ఆర్లీన్స్?

కాదా. హ్యూస్టన్... ఆగు, నేను పూర్తిగా అనకముందే నొక్కేస్తున్నావు. ఊళ్ళతో వద్దా? పోనీ మర్చిపోయావా? కాదు. నాకు చెప్పడం ఇష్టం లేదా? అదీ కాదు. మరేంటి నీ బాధ? చెయ్యి నొప్పెడుతోందా?

అలా చూస్తావేంటి?

ఒరేయ్ వివియన్. నీకు తెలీదా?

ఒక్కసారే నొక్కావు. అంటే అవును, తెలీదనా? పొరపాటున నొక్కావేమో, మళ్ళీ అడుగుతాను, సరిగ్గా నొక్కు. ఆ రోజు, సముద్రం ఒడ్డున, అంతమంది ముందు మైకు పట్టుకుని చెప్పమంటావా అన్నావు చూడు, అప్పుడు కూడా తెలీదా?

ఒక్కసారే.

ఏమీ లేకుండా అన్నావా ఆ మాట? చేతిలో ఏమీ లేకుండా? నేను గనక చెప్పరా అని ఉంటే ఏం చేసేవాడివి? సముద్రంలో దూకేవాడివా? నేను చెప్పరా అనలేదు. లారీ ఎక్కాను. అరవై ఏళ్ళు నీ ఈలకి భయపడ్డాను. నిన్న నా చొక్కాకి మైకు పెట్టించుకుని, నీకు తెలుసని దేశానికి హామీ ఇచ్చాను.

నవ్వు, బాగా నవ్వు. డెలోరిస్, ఏం లేదమ్మా, మీ నాన్న నవ్వుతున్నాడంతే. దగ్గు కాదు. కాసిని మంచినీళ్ళు అక్కడ పెట్టి వెళ్ళు తల్లీ.

ఇప్పుడేం చెయ్యమంటావు? ఆ పిల్లకి ఫోన్ చేసి ఆ ముక్క తీసెయ్యమననా? ఎందుకంటే ఏం చెప్పాలి, గవర్నర్‌కీ తెలీదట అనాలా? మాట్లాడలేని మనిషి మీద చాడీలు చెప్పినట్టుంటుంది. పైగా ఎవడు నమ్ముతాడు? ఓడిపోయినవాడు ఇంకేం చెబుతాడు అంటారు. వ్యాపారవేత్త కదా, బేరం తిరగేస్తున్నాడంటారు.

వద్దులే. ఫోన్ చేస్తాను, కానీ వేరే మాట చెబుతాను. గవర్నర్‌ని అడిగానమ్మా, మా ఇద్దరి మధ్యా మాట అయింది, పేరు బయటపెట్టకూడదని అనుకున్నాం, మీ ఓపికుంటే వెతుక్కోండి అంటాను. వెతకనీ. ఆ గొంతు ఎవరిదో వాళ్ళకే దొరుకుతుందేమో, దొరికితే వింటాం ఇద్దరం, ఈ మంచం దగ్గరే.

మరి మీకు తెలిసిందా మిస్టర్ టల్లక్ అని అడుగుతుంది. ఊరుకునే పిల్ల కాదు, తప్పకుండా అడుగుతుంది. గవర్నర్‌కి ఎంత తెలుసో ఇప్పుడు నాకూ సరిగ్గా అంతే తెలుసమ్మా అంటాను. అబద్ధం కాదుగా?