పదకొండో పేజీలోని తీరిక

పందొమ్మిది వందల ఎనభై తొమ్మిది జూలై మూడవ తేదీ, సోమవారం ఉదయం మా గణాంక కార్యాలయంలో క్షేత్ర పరిశోధకురాలిగా బాధ్యతలు స్వీకరించిన మేడమ్ గారు, ముప్పై ఐదేళ్ళ నిష్కళంక సేవానంతరం, ఈ నెలాఖరున సంయుక్త సంచాలకులుగా పదవీ విరమణ చేస్తున్నారు. ‘నిష్కళంక’ అన్న మాటను ఇలాంటి వ్యాసాల అలవాటు కొద్దీ వాడలేదు. ఆమె సర్వీసు పుస్తకంలో ఒక మచ్చ ఉంది. అది ఎవరి మచ్చో చెప్పాలనే, ఈ వ్యాసం నేనే రాస్తానని వీడ్కోలు సంచిక సంపాదకులను పట్టుబట్టి అడిగాను.

మూడో అంతస్తులో, ఆపితే ఆగడమో లేకుంటే తుఫానులా తిరగడమో తప్ప మధ్యస్థం తెలియని ఫ్యాను కింద, ప్రతి కాగితాల కట్ట మీదా ఒక రాయి పెట్టుకుని ఆమె పనిచేసేవారు. అనుమానం వచ్చిన ప్రతి ఫారం మీదా ఎర్ర పెన్సిలుతో ‘మళ్ళీ’ అని రాసి, వివరాలు సేకరించినవారిని ఆ ఇంటికే తిరిగి పంపేవారు. అలా ఆమెకు ‘మళ్ళీ మేడమ్’ అన్న పేరు స్థిరపడింది. ఆ ఎర్ర అక్షరాలు చూసి మెట్లు దిగుతూ ఆమెను తిట్టుకోనివారు మాలో లేరు. నేను మొదటి అంతస్తు దాకా తిట్టుకునేవాణ్ణి.

తొంభై ఎనిమిదిలో మన దేశ ప్రజల జీవన ప్రమాణాలను పొరుగు దేశంతో పోల్చే అధ్యయనం మా కార్యాలయానికి అప్పగించబడింది. రెండు దేశాలూ అప్పుడప్పుడే నిలదొక్కుకుంటున్నవి. రెండింటికీ పోటీ ఎక్కువ. అక్కడ ఆరువేల ఇళ్ళు, ఇక్కడ ఆరువేల ఇళ్ళు, అవే ప్రశ్నలు. మేడమ్ గారు పర్యవేక్షకులు. సిబ్బందికి సూచనల పుస్తకం రాసినవాణ్ణి నేను. అప్పటికి నాది ఇంకా ఖాయం కాని ఉద్యోగం, ఇంట్లో నెలల పాప.

ఫలితాలు వచ్చాయి. పిల్లల చదువులో మనం ఒక అడుగు ముందుంటే, పసిబిడ్డల ఆరోగ్యంలో వారు ఒక అడుగు ముందున్నారు. తేడా అంతా ఇల్లాలి తీరిక దగ్గరే వచ్చింది. వారికి రోజుకు మూడు గంటలు, మనకు ఐదు. ఆ రెండు గంటల బలంతో మొత్తం మీద మనమే గెలిచాం. అప్పటి సంచాలకులు ఉబ్బితబ్బిబ్బై పత్రికలవారిని పిలిపించారు.

మేడమ్ గారికి మాత్రం ఆ ఐదు గంటలు మింగుడు పడలేదు. పది ఫారాలు చంకన పెట్టుకుని ఒక పేటకు వెళ్ళారు. అక్కడ నీళ్ళ ట్యాంకరు కోసం బారులు తీరిన ఆడవాళ్ళలో, మా లెక్క ప్రకారం ఆరు గంటల తీరిక గల ఒక ఇల్లాలు కనిపించింది. ఫారం చదివి వినిపించగానే ఆవిడ మండిపడింది.

“ఏంటీ, ఇది తీరికా? అయితే నువ్వొచ్చి ఇక్కడ నిలబడమ్మా. నేను పోయి కాసేపు నడుం వాలుస్తా.”

మేడమ్ గారు వెళ్ళి ఆవిడ బిందెల దగ్గర నిలబడ్డారు. ట్యాంకరు రెండుంబావు గంటల తర్వాత వచ్చింది. నీళ్ళు పట్టి, మోసుకెళ్ళి, తలుపు తట్టి ఆవిడను లేపితే, ఆవిడ అడిగిన మొదటి మాట: “ఇప్పుడు చెప్పు. తీరిగ్గా ఉందా?”

తడిసిన చీర కుచ్చెళ్ళతోనే ఆఫీసుకు వచ్చి, నా సూచనల పుస్తకం పదకొండో పేజీ నా ముందు తెరిచారు. ‘నీటికి, ఆసుపత్రికి, బస్సుకు వేచి ఉండే సమయమును తీరికగా నమోదు చేయవలెను.’ పొరుగు దేశంవారు దాన్ని పని కిందే రాశారు.

“చేతులు ఖాళీగానే ఉంటాయి కదా మేడమ్,” అని గొణిగాను.

“మొన్న పాపకి జ్వరమొస్తే ఆసుపత్రిలో మూడు గంటలు కూర్చున్నారు కదా. తీరిగ్గా కూర్చున్నారా?”

నేను ఫారాల కట్టలు దింపి మళ్ళీ లెక్క మొదలుపెట్టాను.

సరిదిద్దితే మన ఐదు గంటలు రెండున్నరకు పడిపోయాయి. సంచాలకులు నిప్పులు చెరిగారు. “ఒక్క లైను కోసం దేశం పరువు తీస్తారా?”

“పరువు సంగతి తర్వాత చూద్దాం సార్. ఆవిడ ఇంకా ఆ లైన్లోనే ఉంది,” అన్నారు మేడమ్ గారు.

నివేదిక సరైన అంకెలతోనే వెళ్ళింది, మనం ఓడిపోయాం. ఆ మరుసటి అధ్యయనం నుంచి రెండు దేశాల ఫారాల్లోనూ ‘నిరీక్షణ’ అని వేరే గడి వచ్చింది. అయితే తప్పు ఎవరిదన్న ప్రశ్నకు ఎవరో ఒకరు సంతకం పెట్టాలి. పెన్ను తీసిన నన్ను ఆమె ఆపారు. “మీ ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. నాది అయింది. ఊరుకోండి.” పదకొండో పేజీ తానే రాసినట్టు సంతకం చేశారు. మూడేళ్ళ పాటు ఆమెకు పదోన్నతి ఆగిపోయింది.

నేను ఊరుకున్నాను. మొదట భయం, ఆ తర్వాత సిగ్గు. డ్రాయింగు మాష్టారైన ఆమె భర్త గారు, ఆమెతో, వాళ్ళ అమ్మాయితో మా ఇంటికి వచ్చినప్పుడల్లా “మా ఆవిడ జన్మలో ఒక్కటే పొరపాటు చేసింది, అదీ దేశమంత పొరపాటు,” అని ఆటపట్టించేవారు. ఆమె నవ్వి ఊరుకునేవారు. నేనూ నవ్వేవాణ్ణి, ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది. మాష్టారు గారూ, అమ్మాయీ, మీ ఇంట్లో ఆ ఒక్క పొరపాటు కూడా జరగలేదు. అది నాది.

ఈ వ్యాసాన్ని మేడమ్ గారికి ముందుగా చూపలేదు. చూపితే ఎర్ర పెన్సిలు అందుకునేవారు. ఆమె చేతిలో పడకుండా ఈ కార్యాలయం నుంచి బయటికి వెళుతున్న మొదటి కాగితం ఇదేనేమో. ఏ లైన్లోనూ నిలబడే అవసరం రాకుండా, మా ఫారాల్లో ఏ గడిలో వేసినా తీరిక అనిపించుకునే అసలైన తీరికతో, ఆయురారోగ్యాలతో, భర్త గారు తోడుగా, అమ్మాయి నీడగా ఆమె నిండు నూరేళ్ళు చల్లగా ఉండాలని, ఆమె కాపాడిన ఉద్యోగం నుంచి వచ్చే ఏడాది తానూ విరమించబోతున్న ఈ సహోద్యోగి చేతులు జోడించి కోరుకుంటున్నాడు.