ఎర్రగీత దాటిన ముల్లు

ఆటోనగర్‌లో మెకానిక్ కన్నబాబు షెడ్డు. కారు బానెట్ తెరుచుకుని ఉంది. దాని పక్కన నిలబడ్డ బావగారు త్రినాథరావు నోరు పొద్దుట్నుంచీ మూతపడలేదు. ఆయన భార్య ఆశాజ్యోతి, అంటే కన్నబాబు అక్క, బెంచీ మీద కూర్చుంది. ఇక వాళ్ళ మాటలే వినండి.

“హీట్ మీటర్ ముల్లు మళ్ళీ ఎర్రగీత దాటీసింది సూడు! రెండు సెన్సార్లు మార్సినావ్ కన్నబాబూ, రెండూ దండగే. ఏటి సేత్తన్నావసలు?”

“ఉండు బావా, ఆలోసించనీ.”

“ఏటాలోసించడం? మీ అక్క తోలింది, ఇంజను కాల్సీసింది. అంతే! దానికి మళ్ళీ ఆలోసనొకటి.”

“నాను కాల్సలేదు.”

“నువ్వూరుకో జ్యోతీ.”

“ఎందుకూరుకోవాల? గోపాలపట్నం నుంచి తగరపువలస స్కూలు దాకా మెల్లిగా ఎల్లినాను, మెల్లిగా ఒచ్చినాను.”

“మరి నాను తోలినన్నాళ్ళూ లేవని ముల్లు, నీ సేతికిచ్చిన రోజే ఎందుకు లేసింది? సెప్పు!”

“ఇద్దరూ కాసేపాపండి. బావా, ఇలాగొచ్చి రేడియేటర్ మీద సెయ్యెట్టు.”

“కాల్తాది!”

“కాలదు. ఎట్టు.”

“...సల్లగుంది.”

“రాత్రి నుంచీ స్టార్టు సెయ్యని బండి. తాళం తిప్పగానే ముల్లు పైకెల్లిపోయింది. ఇంజను కాలలేదు బావా. హీట్ మీటరే అబద్ధమాడతంది.”

“అబద్ధమని తెలిసి సెన్సారెందుకు మార్సినావ్?”

“సెన్సారు పోయిందనుకున్నాను. పొరపాటే. ముందు వైరు సూడాల్సింది.”

“పొరపాటంట! ఇంక సాలు బాబూ. ఈ బండి అమ్మీత్తాను. జ్యోతీ, ఆ టీచరుద్యోగం ఒద్దని ఫోన్ సేసి సెప్పీ.”

“సెప్పను. సోమవారం సేరతానని మాటిచ్చినాను. బస్సెక్కితే మొదటి బెల్లుకి అందనని మీకూ తెలుసు.”

“అందకపోతే మానీ. తాళం మాత్రం నీ సేతికియ్యను.”

“బావా, తాళం సంగతి తరవాత. సెన్సారుకి వైరు తగిలించే కప్లర్ పీకీసినాను. ఇప్పుడు ముల్లు కిందికి పడిపోవాల. లోపల కూకుని తాళం తిప్పి సూడు. పడిందా?”

“పడలేదు. పైనే ఏడిసింది.”

“పడలేదా? అయితే దొరికినట్టే! సెన్సారు నుంచి కంప్యూటర్ డబ్బాకెల్లే వైరు దారిలో ఎక్కడో బాడీకి తగుల్తంది. తాళం ఆపీ. డబ్బా కాడ కూడా కప్లర్ పీకి, మల్టీమీటరెట్టి సూత్తాను... కూసింది! ఇనపడిందా?”

“కూత్తే ఏటి?”

“కూయకూడదు బావా. వైరుకీ బాడీకీ సంబంధమే ఉండకూడదు. ఈ వైరు ఎలాగెల్తందో... ఇటు, ఇటు... ముందు గ్రిల్లు కాడికి.”

“గ్రిల్లు కాడేటీ లేదు! ఎలకలు కొరికుంటాయి, ఎనకాల సూడు.”

“గ్రిల్లు కాడ లేదని నీకెలాగ తెలుసు?”

“అదే... ఊరికే అన్నాను.”

“ఓలమ్మ! ఇదేటిది? గ్రిల్లెనకాల నిమ్మకాయలు, మిరపకాయలు! ఎండిపోయి నల్లగైపోనాయి.”

“దిష్టికి అందరూ కడతారు. దాంట్లో ఏటుంది?”

“దారంతో కడతారు బావా. ఇది ఇనప బైండింగ్ తీగ. వైర్ల కట్టనీ, రేడియేటర్ మీది ఇనప పట్టీనీ కలిపి బిగించీసినారు. తీగ వైరు తొడుగు కోసీసి, లోపల రాగికి తగిలీసింది. ఇదే రోగం! అక్కా, నువ్వు కట్టినావేటి?”

“మీ అక్కే కట్టుంటాది! ఆడోళ్ళ పిచ్చి!”

“నానా? తమ్ముడూ, ఆ మెలిక సరిగ్గా సూడు.”

“...ఇనప రాడ్లు కట్టే కొక్కెంతో తిప్పిన మెలిక.”

“మా ఇంట్లో ఆ కొక్కెం ఎవుల సేతిలో ఉంటాది?”

“బావా? స్లాబు పనుల్లో నువ్వేసే మెలికే గదా ఇది?”

“తీసీ, తీసీ. తొరగా తీసి పారీ.”

“తీత్తాను, ముందు సంగతి సెప్పు బావా. ఇందాకటిదాకా అరిసినావ్ గదా.”

“దారమైతే తెగిపోతాదని... తీగెట్టినాను.”

“ఎప్పుడు?”

“మీ అక్క మొదటిసారి తోలడానికి ముందు రోజు.”

“బయట కట్టకుండా ఇలాగ దాసి కట్టినావెందుకు?”

“నవ్వుతారు గదా! పెళ్ళాం బండి తోల్తంటే మొగుడు భయపడి నిమ్మకాయలు కట్టుకున్నాడని. సైటు కాడ అప్పటికే ఏడిపించీత్తన్నారు. జ్యోతీ, నీ మంచికే కట్టినానే. నువ్వు తోల్తంటే ఊరంతా సూత్తాది. ఊరి కళ్ళు మంచివి కావు. నీకేటైనా అయితే నాను బతకగలనా?”

“బావా, తీగ తీసీసినాను. వైరుకి టేపు సుట్టి, కప్లర్లెట్టీసినాను. ఇంక తాళం తిప్పు.”

“...ముల్లు కిందే ఉంది. లేవలేదు.”

“సూసినావా! అక్కా, ఇలాగొచ్చి నువ్వూ సూడు.”

“జ్యోతీ... కోపమొచ్చిందేటి?”

“ఒచ్చింది. ఊరి కళ్ళు నన్నేటీ సెయ్యలేదండీ. మీ కళ్ళే తగిలినాయి. తాళం అలాగే ఉంచి, పక్క సీట్లోకి జరగండి.”