మూడో ఫైలు

2002. పెనుకొండలో ఒక పెరట్లో అన్న వేటకొడవలి నూరుతున్నాడు. బెంగళూరులో కంప్యూటర్ పని చేసే తమ్ముడు అప్పుడే బస్సు దిగి వచ్చాడు.

"పనెట్లుండాదిరా?"

"చిక్కుపడుండాదన్నా. కంప్యూటర్‌ను నడిపే కెర్నల్‌లో మెమరీ చూసే ఫైళ్ళు రెండుండాయి. ముందు రెండోదాన్ని చదువంటాది మొదటిది. ముందు మొదటిదాన్ని చదువంటాది రెండోది. ఏదీ కదల్దు."

"మన మాదిరే. ధర్మవరం కోర్టులో కేసు ముందు అవతలి వర్గమోళ్ళు వాపసు తీసుకోవల్లంటాం మనం. ముందు మీరే అంటారు వాళ్ళు. ఈలోపల శవాలు లేస్తాండాయి."

"రెండిటికీ కావాల్సింది తీసి మూడో ఫైల్లో పెడతామన్నా. అది ఆ రెండిట్నీ ఏమీ అడక్కూడదు. అప్పుడు ముడి ఇడిపోతాది."

"అట్లాంటిది మనకు యాడుండాది?"

"తిరుపాల్ మామ లేడా. రెండిళ్ళల్లోనూ కూడు తినే మనిషి. రాజీకి ఆయన్ను పిలుద్దాం."

అన్న బొటనవేలితో పదును చూసుకున్నాడు.

"పిలవకుండానే వచ్చినాడు నిన్న."

"ఏమన్నాడు?"

"నేను చెప్పనీలేదు. ముందు వాళ్ళింట్లో తిని వచ్చినాడు."

"అన్నా..."

"ఆయన మెడెముకకు తగిలి ఈ కొడవలి మొండిబారింది."