దవడ పట్టుకున్న చెయ్యి

"జల్ది చెప్పు బిడ్డ. మీ మామ వస్తడు."

సూర్యాపేట ఇంకా నల్లగొండ జిల్లాలోనే ఉన్న రోజులు. బస్టాండులో హైదరాబాదు బస్సులు ఆగే చోట, సిమెంటు బెంచీ మీద నాంచారమ్మ కూర్చుంది. తుంగతుర్తి దిక్కు గొర్లకాపరుల ఇల్లు ఆమెది. రొమ్ములో గడ్డకు ఆర్నెల్లుగా హైదరాబాదులో కీమో ఎక్కిస్తున్నారు, ఇవాళ మళ్లీ ప్రయాణం. మొగుడు ఐలన్న సీట్ల కోసం పోయాడు. కోదాడలో ఫార్మసీ చదివే మేనకోడలు ఉమ, డాక్టరు తనకు చెప్పిన సంగతి వీళ్లకు చెప్పడానికి పొద్దున్నే బస్సెక్కి వచ్చింది. రావడమైతే వచ్చింది గానీ, పాడు నోరు పెగిలితే గదా.

"చాయ్ తాగుతవా అత్తా?"

"చాయొద్దు. స్కానింగుల ఏమొచ్చింది?"

"ఎండ పడుతున్నది, ఇటు జరుగు."

"ఉమా."

"తగ్గలె అత్తా."

"తగ్గలెనా, పెరిగిందా?"

"పెరిగింది. ఊపిరితిత్తులల్ల గూడ కనబడ్డది."

"మరి డాక్టరేమన్నడు?"

"ఇగ ఎక్కియ్యొద్దన్నడు డాక్టరు. ఆ మందు పనిచెయ్యదంట."

"మొదట్ల చేసింది గద. గడ్డ సగమైందని నువ్వే మురిసినవ్."

"చేసింది. తర్వాత గడ్డ మొండికేసింది."

"మందు మార్చిన్రు గద."

"మార్చినా గంతే. ఒక్క మందును బయటికి నూకుడు మరిగిందంటె, కొత్తదాన్ని గూడ నూకుతది."

"నూకేది ఎవరు బిడ్డ?"

"గడ్డ అంటె సన్న సన్న కణాలు అత్తా. ఒక్కొక్క దాని గోడకు ఒక ప్రోటీన్ ఉంటది. లోపలికొచ్చిన మందును పట్టుకోని మళ్ల బయట పారేస్తది. మందు రక్తంల తిరుగుతనే ఉంటది, గడ్డల మాత్రం నిలవదు."

"గది నా ఒంట్లెకు యాడికెల్లొచ్చింది?"

"రాలె. అందరికుంటది, నాకు గూడ. తిన్నదాంట్ల విషముంటె లోపలికి రాకుండ కాపలా కాసేదే అది. గడ్డ దాన్ని తన కోసం ఎక్కువెక్కువ చేసుకున్నది."

"మన కుక్కనే దొడ్డి కాడ నిలబడి మనల రానిస్తలేదన్నట్టు."

"గట్లనే."

"మరి... నేను కక్కినందుకు గాదా?"

"ఏంది?"

"ఏం లేదు. గా బస్సు మనదేనా సూడు."

"అది మిర్యాలగూడ బస్సు. కక్కినందుకేంది అత్తా?"

"నువ్వే జెప్పినవంట గద మీ మామకు ఫోన్ల. మందు లోపల నిలుస్తలేదు, బయటికి పోతున్నదని."

"గడ్డలకెల్లి పోతున్నదని చెప్పిన."

"ఆయనకు గవన్ని తెలుస్తయా? ఎక్కిచ్చినంక నేను కక్కుడే సూస్తున్నడు. గా కక్కుట్లనే పోతున్నదనుకున్నడు."

"అనుకోని?"

"ఏం జేస్తడు. పక్కన కూసుంటడు."

"కూసోని?"

"గొర్రెకు మందు తాపుతరు సూడు. నోట్లె గొట్టం పెట్టి పోసి, ఉమ్మెయ్యకుండ దవడ పైకి లేపి పడతరు. మింగినంక ఇడుస్తరు."

"అత్తా..."

"నా దవడ గట్టిగేం ఒత్తడు. మెల్లగనే పడతడు. ఓర్సుకో నాంచారీ, మందు పోతదే అంటడు."

"నువ్వు మింగుతున్నవా?"

"మరేం చెయ్యాలె. మొన్నొకపారి ఆయన బయటికి పోంగనే కక్కిన. దొంగ లెక్క. మందంత మట్టిపాలు చేస్తినని రాత్రంత నన్ను నేను తిట్టుకున్న."

ఫోనులో ఆ ముక్క చెప్పిన గొంతు తనదే. ఉమకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"అత్తా, నా దిక్కు సూడు. కక్కేది ఊపిరిల పడితె పానం పోతది. ఇగ ఎన్నడు మింగకు. నరంల ఎక్కిచ్చిన మందు కక్కితె పోదు. నీ తప్పు ఇసుమంత గూడ లేదు."

"లేదా?"

"లేదు."

"ఇంకోపారి చెప్పు బిడ్డ."

"నీ తప్పు లేదత్తా. నువ్వు ఎంత ఓర్సుకున్నా గింతే అయ్యేది."

"ఓర్సుకున్న. మస్తు ఓర్సుకున్న."

"ఏడువకు. అగో, మామ వస్తున్నడు. నేను చెప్త, అంత సాఫుగ చెప్త."

"కూసో."

"చెయ్యి ఇడువు అత్తా. చెప్పకపోతె ఇయ్యాల బస్సెక్కిస్తడు."

"ఎక్కియ్యడు. నేను కక్కుతున్ననని, జర బలమొచ్చినంకనే మందు ఎక్కిస్తరని చెప్పు. ఇంటికి తీస్కపొమ్మన్నరని చెప్పు."

"మల్ల నీ మీదనే ఏస్కుంటవా? మామ నిన్ను తిడతడు అత్తా. దినాం తిడతడు."

"తిట్టనియ్యి."

"తప్పు నీది కాదని ఇప్పుడే గద చెప్పిన."

"నాకు చెప్పినవ్, సాలు. ఆయనకు చెప్పకు. తప్పు నాదనుకున్నన్ని దినాలు, నేను బతుకుతననుకుంటడు బిడ్డ."