మార్చి నెల బురద

హలో… ఎవరూ? … ఆ, ఆ, నేనే. హైరమ్‌నే. నీ కాళ్ళ కిందే ఉన్నా.

వేళాకోళం కాదు. హాలు కింద. నువ్వు భోంచేస్తున్న బల్లకి సరిగ్గా కింద, పాకుతూ… ఆ చప్పుడు నాదే. గొడ్డలి. చలిగాలి లోపలికి రావాలని హాలు కింద చుట్టూ కట్టిన ప్లైవుడ్ పగలగొడుతున్నా.

— ఆపను.

ఆపనంటే ఆపను, వెర్న్. ఉపన్యాసాలు వినపడట్లేదా? అయ్యో పాపం! … "వెర్నన్ హాల్వర్సన్ ఈ మంచు దేశంలో పాతిన గుంజ ఒక్కటీ కదల్లేదు." అదేగా ఇందాక చదివారు? చప్పట్లు ఇక్కడిదాకా వినపడ్డాయి. దుమ్మంతా నా కళ్ళలో పడింది.

ఎవడు, నీ అల్లుడా? … పైకొచ్చాడా? కుంటుతున్నాడా? కుంటనీ… వాడే ముందు కొట్టాడు. మంచు ఎత్తే పారతో, వెనకనించి, నా వీపు మీద. నేను గొడ్డలి తిరగేసి మోకాలి మీద ఒక్కటిచ్చా. పదును వైపు పడుంటే ఆ క్రెయిగ్‌గాడికి కాలే ఉండేది కాదు, మామగారి మొహం చూసి వదిలేశా.

పోలీసులా? … పిలువు. ఊరికి ఉన్నది ఇద్దరు కానిస్టేబుళ్ళు. ఇద్దరూ నీ విందులోనే కారిబూ దుప్పి మాంసం నవుల్తున్నారు. వాళ్ళనీ బయటికి పంపు.

ఎందుకేమిట్రా?

మళ్ళీ చెప్పాలా? పొద్దున కోట్లు తగిలించే గదిలో నా బూటు విప్పి నీ ముక్కు కింద పెట్టానే! ఏముంది దానికి? … బురద. తడి బురద. మార్చి నెలలో, బయట సున్నాకి ముప్పై ఒకటి కింద ఉంటే, ఇక్కడ నా కాలు చీలమండ దాకా దిగబడింది. జూలైలో కూడా ఇక్కడి నేల ఇనుములా ఉండేదిరా! నేనే తవ్వా. నా బోరు యంత్రం పళ్ళు ఊడిపోయాయి ఈ నేలకి.

చూశావుగా? చూసి ఏం చేశావు? … కొట్టావు నన్ను.

డెబ్బై నాలుగేళ్ళ ముసలాడివి, చిటికెన వేలికి ఇంజనీర్ల ఇనుప ఉంగరం, ఆ చేత్తోనే… కనుబొమ్మ చీలింది, తెలుసా? పాకుతుంటే మళ్ళీ విచ్చుకుని కారుతోంది. బయటుంటే ఈపాటికి గడ్డకట్టేది. ఇక్కడ వెచ్చగా ఉందిగా. భలే వెచ్చగా ఉంది. నీ పుణ్యమే.

… ఈర్ష్యా? నాకా?

ఒరేయ్. ముప్పై నాలుగేళ్ళు నీ గుంజలకి బోర్లు వేశా. కాగితం మీద నువ్వు చుక్క పెడితే నేలలో నేను కన్నం పెట్టా. నీకు కంచు పలక ఇస్తున్నారంటే మా ఇంట్లో బానక్ రొట్టె కాల్చి పంచాం. చొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చా నీ కోసం. ఇప్పుడు చూడు ఆ చొక్కా… ఈర్ష్యట! నోరు అదుపులో పెట్టుకో, ఇంకో మాట అన్నావంటే పైకొచ్చి ఆ పలకతోనే నీ పళ్ళు రాలగొడతా.

సరే. విను. అరవకు, విను.

హాలు తలుపు పట్టేస్తోంది, ఎందుకో చూద్దామని కిందికి దూరా. అంతే. నాలుగో వరుస గుంజలు దిగిపోయాయి. దూలానికీ గుంజ తలకీ మధ్య నా అరచెయ్యి పడుతోంది. అంటే ఏంటి? నీకు నేను చెప్పాలా? దూలం గుంజల మీద లేదు. గాల్లో, నీ హాలు నేలకే వేళ్ళాడుతోంది. ఇప్పుడు దాని కింద నా జాకీ ఒకటి పెట్టా, ఎంతసేపు మోస్తుందో తెలీదు. నూట అరవై మంది దాని మీద కూర్చుని చేప తింటున్నారు.

… ఎవరు కట్టమన్నారు ఈ ప్లైవుడ్? కమిటీ. ఎందుకు? ముసలమ్మలకి కాళ్ళు చలేస్తున్నాయని. బాగుంది. కింద వేడిగాలి పైపు కూడా పెట్టించారు. ఇంకా బాగుంది. కాగితం మీద సంతకం ఎవరిది?

… వినపడలేదు.

… నీదే. అవును. ఈ దేశంలో ఇంటి కడుపు కింద చలిగాలి ఆడాలి, ఆడకపోతే నేల కరుగుతుంది అని ప్రతి కుర్ర ఇంజనీరుకీ నూరిపోసినవాడివి. నువ్వే. వచ్చి చూశావా? … మోకాళ్ళ నొప్పులు. వంగలేవు. ఇంట్లో కూర్చుని కాఫీ తాగుతూ గీకేశావు.

రేపా?

రేపు చెబుతావా! ఈ ఒక్క పూట గడవనిమ్మంటావా! … మీ ఆవిడ ఇంగ్రిడ్ కొత్త గౌను కుట్టించుకుందా. పేపరువాళ్ళు వచ్చారా. … వెర్న్, ఈ ఒక్క పూట ఏం జరుగుతుందో మర్చిపోయావా? చెంచాలు తీశాక ఏం ఉంది? బల్లలు పక్కకి నెట్టి ఏం చేస్తారు?

జిగ్. జిగ్ ఆడతారు. నీ గౌరవార్థం. ఫిడిల్ కొడతారు, బడి పిల్లలు ముందు దిగుతారు, తర్వాత ఊరంతా. నూట అరవై మంది ఒక్క తాళానికి నేల తన్నితే… చెప్పు, నువ్వు లెక్కలు వచ్చినవాడివి. ఎంతసేపు ఆగుతుంది?

… అందరికీ నేనే చెప్పాలా?

నేను చెప్పలేదనుకుంటున్నావా? నిప్పంటుకుంటే కొట్టే గంట మోగించా. ఏమైంది? మీ కమిటీవాళ్ళు ఆపేసి, హైరమ్‌గాడు తాగొచ్చాడు, కూర్చోండి అన్నారు. నేను తాగి పద్నాలుగేళ్ళయింది! ఈ చలిలో కోట్లు వేసుకుని నా మాటకి ఎవడు లేస్తాడు? నీ మాటకి లేస్తారు. ఇవాళ నువ్వు మూత్రానికి లేచినా వెనకాల ఇరవైమంది లేస్తారు.

మైకు తీసుకో. చెప్పు.

… పోతుంది. అవును, నీ పేరు పోతుంది. నేనేం అబద్ధం చెప్పను, నిలువునా పోతుంది.

జోనస్ గుర్తున్నాడా?

… ఎందుకు ఎత్తకూడదు? మా అన్న. నా ఇష్టం, ఎత్తుతా. ఎనభై మూడులో నీ చేతి కింద కడుతున్న గిడ్డంగి కుంగిపోతే దాని కింద ఉన్నాడు. నువ్వూ నేనూ చేతుల్తో తవ్వాం. నీ గోళ్ళు రెండు ఊడొచ్చాయి. బయటికి లాగితే నడుము కింద… నడుము కింద ఏం లేదు వెర్న్, బల్లపరుపు అయిపోయాడు. ఇంకా మాట్లాడుతున్నాడు. టీ అడిగాడు. నువ్వు ఏడ్చావు. సమాధి దగ్గర మా అమ్మ చెయ్యి పట్టుకుని, ఇంకెప్పుడూ నా చేతి కింద ఒక్కడు కూడా ఇలా పోడమ్మా అన్నావు. నేను పక్కనే ఉన్నా. ఆ మాట మీద నీతో ముప్పై నాలుగేళ్ళు పనిచేశా.

… ఏంటి?

ఏమన్నావ్?

… మళ్ళీ అను. అక్టోబర్లో ఏం చూశావు? … గోడ మీద పగులు. హాలు ఒక పక్కకి ఒరిగింది. చూసి, నీకు తెలిసి… అయిదు నెల్లు.

నీ యబ్బ. నీ యబ్బ, వెర్న్.

అవార్డు కాగితం అప్పుడే వచ్చిందా! అందుకని నోరు కుట్టుకున్నావా! … నేను నిన్ను చంపేస్తా. విను, మాటవరసకి అనట్లేదు. ఇందాక నీ అల్లుడి మోకాలు మీద పడ్డ గొడ్డలి నీ నెత్తిన పడాల్సింది. పిల్లల్ని తెచ్చి కూర్చోబెట్టావురా దీని మీద! బోడి కంచు పలక కోసం! పొద్దున నన్ను కొడుతున్నప్పుడు కూడా తెలుసన్నమాట. తెలిసే కొట్టావు.

ఏడవకు. … ఏడవకు, అసహ్యంగా ఉంది.

… ఆగు. ఆగు, ఏంటా చప్పుడు?

బల్లలు. బల్లలు జరుపుతున్నారు. … ఫిడిల్ శ్రుతి చేస్తున్నాడు. వెర్న్! వింటున్నావా? తీగ లాగుతున్నాడు.

పో. మైకు దగ్గరికి పో. ఫోను కట్ చెయ్యకు, జేబులో పడేసుకో. నువ్వు చెప్పావో లేదో నేను వినాలి. చెప్పకపోతే ఈ గొడ్డలితో కరెంటు తీగలు నరికేస్తా, ఆ తర్వాత మెట్లెక్కి నిన్ను… పో!

… …

చేతికర్ర చప్పుడు. నడుస్తున్నాడు. … ఆఁ. నడు.

… వినపడుతోంది. గట్టిగా. వెనక బల్లలకి అందదు. … "ఒక పొరపాటు జరిగింది" ఏంట్రా! జరగలేదు, చేశావు… ఊఁ. … ఊఁ, అదీ. "సంతకం నాది." … "అక్టోబరు నుంచి తెలుసు." … చెప్పాడు. చెప్పేశాడు, ముసలి వెధవ.

లేస్తున్నారు. లేస్తున్నారు… మెల్లిగా. గోడ వారగా పంపించు, మధ్యలోంచి కాదు. పిల్లలు ముందు. … పరిగెత్తొద్దని చెప్పు! పరిగెత్తొద్దు! ఒరేయ్, పరిగెత్తనీకు—

అబ్బా!

… …

… …

ఉన్నా. ఉన్నా. అరవకు, వినపడుతోంది. … దిగింది. నాలుగో వరుస గుంజలు ఒరిగాయి, దూలం జానెడు దిగింది. దూలం కింద నేను జాకీ పెట్టుకున్నాగా, అది ఆపింది. దాని కడ్డీ తిరగబడి చేతి మీద కొట్టింది. … కుడి చెయ్యి. ఎముక బయటికొచ్చింది. చూడబుద్ధి కావట్లేదు. … మాట్లాడుతున్నాగా, చావలేదు.

పైన ఎవరున్నారు? … అందరూ? ఇంగ్రిడ్? … పిల్లల్ని లెక్కపెట్టారా? సరే. సరే. దేవుడున్నాడు.

నువ్వెక్కడ? … ఇంకా లోపలెందుకున్నావు? పో బయటికి!

… నేను రాలేను.

రాలేనంటే రాలేను. జాకీ కడ్డీ ఎడమ చెయ్యీ భుజమూ ఆనించి ఆపుకుని ఉన్నా, ఫోను స్పీకర్లో పక్కన పడుంది. వదిలితే తిరిగిపోతుంది, దూలం వచ్చి నా కాళ్ళ మీద కూర్చుంటుంది. పక్కనే చెక్క దిమ్మ ఉంది, దూలం కింద దూర్చి సుత్తితో నాలుగు దెబ్బలేస్తే చాలు, పాకి వచ్చేస్తా. దూర్చడానికి చెయ్యి లేదు. … జోనస్ లాగా టీ అడగనులే, భయపడకు.

క్రెయిగ్‌ని పంపిస్తావా? వాడికి మోకాలు లేదుగా, నేనే పగలగొట్టా. … కానిస్టేబుల్ వద్దు. మొన్న దక్షిణం నుంచి దిగిన కుర్రాడు. చీకట్లో తప్పు దిమ్మ ముట్టుకున్నాడంటే ఇద్దరం పోతాం. ఏ గుంజ ఏ వరుసో తెలిసినవాళ్ళు ఇద్దరమే. ఒకడు ఇక్కడున్నాడు. రెండోవాడికి మోకాళ్ళు వంగవు.

… వెర్న్, వద్దు. చెప్తున్నా. బయటికి పో. ఇంగ్రిడ్‌కి ఎవరున్నారు? … వెర్న్?

… …

మాట్లాడు. … కర్ర పడేశావా? ఎందుకు పడేశావు? ఏదో పడ్డ చప్పుడు… వెర్న్!

… …

వెలుతురేంటి? … ఎవర్రా అక్కడ, తలుపు తీసింది?

… ఓరి నీ దుంప తెగ! కొత్త సూటుతో పాకుతున్నావేంట్రా బురదలో! … తల వంచు. ఇంకా వంచు, మేకులున్నాయి. … మూలగకు, నాకు తెలుసు నొప్పని. ఎడమ వైపు. ఆ గుంజని ముట్టుకోకు. ముట్టుకోకన్నానా! … ఆఁ. ఇటు. ఇటు.

బురద తగిలిందా చేతికి? … చూసుకో. బాగా చూసుకో.

దిమ్మ నీ మోకాలి దగ్గరుంది. సుత్తి… అదీ. … ఫోను చెవికి పెట్టుకుని మాట్లాడతావేంట్రా, ఎదురుగానే ఉన్నాగా! అవతల పడెయ్. రెండు చేతులూ కావాలి.

… కనుబొమ్మా? నువ్వు చేసిందే. దాన్ని తర్వాత చూద్దువుగానిలే, ఏడవకు, దిమ్మ దూర్చు. … ఇంకా లోపలికి. భుజం జారిపోతోంది వెర్న్, త్వరగా… ఊఁ, సరిపోయింది. కొట్టు.

… ఏంటా కొట్టడం? పొద్దున నన్ను కొట్టినంత గట్టిగా కొట్టు!